తివాసీ నేత

తివాసీని చూచునపుడు మనలో పెక్కండ్రు పైవైపునే చూచి మెచ్చుకొందురు. నేత తెలిసినవారు మాత్రము ముందుగా అంచు మడచి వెనుకవైపు చూతురు. ఏలయన, తివాసీ గుణము తెలియునది అచ్చటనే. ఆ కారణమును మేమిచ్చట వివరింపదలచితిమి.

తివాసీయందు పడుగుపేకలతోపాటు ముడులును ఉండును. పడుగుపోగుల జతకు ఉన్నిదారము చుట్టి కొన కోయుదురు. ఒక వరుస ముగియగనే పేక వేసి, దువ్వెనవంటి పనిముట్టుతో బిగియగొట్టుదురు. చదరపు అంగుళమునకు 100 ముడులున్నచో, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల తివాసీకి 3,45,600 ముడులు వలయును. విద్యార్థులు లెక్క కట్టి చూచుకొందురు గాక!

మధ్య ఆసియాలోని తుర్కమేను స్త్రీలు ఈ విద్యలో పేరుగాంచిరి. నేలపై పరచు వారి మగ్గమును మకాము మార్చునపుడు వెంట గొనిపోవ వీలుండెడిది. మంజిష్ఠజాతి వేరుతో ఉన్నికి ఎరుపు వేసి, తెగకొక తీరున ‘గుల్’ అను గుర్తును నేసెడివారు. 1992లో తుర్కమేనిస్తాను తన జెండాపై అట్టి గుర్తులను 5 నిలిపెను.

మన తెలుగుదేశమునకును ఈ విద్య క్రొత్తది కాదు. పారసీకమునుండి వచ్చిన నేతగాండ్ర మూలమున ఏలూరు, మచిలీపట్టణ ప్రాంతములలో ఇది నెలకొనెనని చెప్పుదురు. 1851లో లండను మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాసీలు నిలిచెను. అయినను, మచిలీపట్టణపు తివాసీల క్షీణదశనుగూర్చి జార్జి బర్డ్‌వుడ్ 1880లో విచారముతో వ్రాసెను. ఇంగ్లీషు వర్తకులు వెల తగ్గింపగోరి నేతగాండ్రకు చౌకదారమిచ్చిరట. మొదట మారినది కంటికగపడని వెనుకవైపు దారమే. పిదప పైనున్న సొగసైన నమూనాలును చెడిపోయెను.

మన అనకాపల్లి బెల్లపు సంగతియు ఇట్టిదే. కొనువారు తెల్లని రంగునే మెచ్చుటచేత గదా, వండువారిలో కొందరు హైడ్రోసు కలుప మొదలిడిరి! పనివాని చేతిని చెరచునది తరచుగా కొనువాని కన్నే.

కావున బాలబాలికలారా! ఇకమీదట తివాసీ కనబడినపుడు ఒక అంచు మడచి చూడుడు. ఒక్క అంగుళములోని ముడులు లెక్కించుడు. అపుడు చెప్పిన వెల ఎక్కువో తక్కువో మీకే తెలియగలదు.