పీఎఫ్ఓ దొరికిందని ఫైలు మూసేయకండి

స్ట్రోక్ వార్డులో కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్లకూ, ఎకో టెక్నీషియన్లకూ ఒక ఒత్తిడి తప్పదు. నలభై ఏళ్లు కూడా నిండని మనిషి పక్షవాతంతో పడుంటే ఇంటివాళ్లు ఎందుకొచ్చిందని గంటకోసారి అడుగుతారు. మెడ నాళాల్లో ఏమీ లేదు, ఈసీజీ మామూలుగానే ఉంది. అప్పుడు గుండె పైగదుల మధ్య గోడలో పీఎఫ్ఓ (పేటెంట్ ఫోరామెన్ ఓవాలే) అనే దారి కనబడితే అందరికీ ప్రాణం లేచొస్తుంది. తప్పులు మొదలయ్యేది అక్కడే. పుట్టాక మూసుకోవాల్సిన ఆ దారి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి తెరిచే ఉంటుంది. కాబట్టి అది కనబడటం వేరు, స్ట్రోక్‌కి అదే కారణం కావడం వేరు.

ముందు ఎమ్మారై ఫిల్ములు మీరే చూడండి. రిపోర్టులో ‘అక్యూట్ ఇన్‌ఫార్క్ట్’ అన్న మాటతో మన పని జరగదు. మచ్చ కార్టెక్స్‌లో ఉంటే గడ్డ ఎక్కడినుంచో కొట్టుకొచ్చిందన్న అనుమానం బలపడుతుంది. మెదడు లోతున, 1.5 సెంటీమీటర్ల లోపు చుక్క ఒక్కటే ఉండి, బీపీ, షుగర్ కూడా ఉంటే చిన్న నాళాల జబ్బునే ముందు తలుచుకోవాలి. స్కాన్ వాయిదా వేయకండి. రెండు వారాలు గడిస్తే డిఫ్యూజన్‌లో కొత్త మచ్చ వెలుగు తగ్గిపోతుంది, పాత మచ్చల మధ్య దాన్ని పోల్చుకోవడం కష్టం.

ఇక పీఎఫ్ఓను పట్టే బబుల్ టెస్ట్. అది చెడేది ఎక్కువగా చేసే తీరు వల్లే. 9 ఎంఎల్ సెలైన్, 1 ఎంఎల్ గాలి త్రీవేకి తగిలించిన రెండు సిరంజీల మధ్య గట్టిగా అటూ ఇటూ కొట్టి, వెంటనే మోచేతి మడతలోని కాన్యులాలోకి తోయాలి. పేషెంట్ ఊపిరి బిగబట్టి ముక్కాలి, కుడి గది బుడగలతో నిండగానే వదలాలి. మాట పడిపోయిన మనిషికి మనం చెప్పేది అర్థం కాదు. ముందే సైగలతో రెండుసార్లు చేయించండి, కుదరకపోతే పొట్ట మీద నొక్కి పట్టండి. ముక్కకుండా చేసిన టెస్టుకు ‘నెగెటివ్’ అని రాయకండి, సరిగ్గా ముక్కలేదని రాయండి. బుడగలు 3 బీట్లలోపు ఎడమవైపు వస్తే గుండెలోని దారి, బాగా ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోని దారిని అనుమానించాలి. ఎన్ని బుడగలో లెక్క రాయండి: 20 దాటితే పెద్ద షంట్.

ఇప్పుడు రెండు కేసులు అనుకుందాం. 34 ఏళ్ల డ్రైవర్, బీపీ, షుగర్, పొగ ఏవీ లేవు, ఇదే మొదటి స్ట్రోక్, మచ్చ కార్టెక్స్‌లో. స్ట్రోక్‌కి పీఎఫ్ఓయే కారణమయ్యే అవకాశాన్ని అంచనా వేసే రోప్ స్కోరు 10కి 9. రెండోది, 62 ఏళ్ల మనిషి, బీపీ, షుగర్, బీడీలు, ఇదే మొదటి స్ట్రోక్, మచ్చ లోతున. స్కోరు 2. ఇద్దరికీ పీఎఫ్ఓ ఉంది. మొదటి కేసులో పీఎఫ్ఓను మూసే చర్చకు అర్థముంది. రెండో కేసులో ఆ చర్చకు తొందరపడితే అసలు జబ్బు వెనక్కిపోతుంది. 2017లో మూయడానికి బలమిచ్చిన మూడు ట్రయల్స్‌లోనూ 60 దాటనివాళ్లనే తీసుకున్నారు. మూసినవాళ్లలో కొందరికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావడమూ అక్కడ కనబడింది. ఈ సంగతి సంతకానికి ముందే ఇంటివాళ్లకు చెప్పాలి.

డిశ్చార్జ్ ఒత్తిడిలో ఎగిరిపోయేవి రెండు: కాళ్ల సిరల డాప్లర్, ఎక్కువ రోజుల రిథమ్ మానిటరింగ్. డాప్లర్ మొదటి రోజుల్లోనే చేయించండి, ఆలస్యమైతే గడ్డ కరిగిపోవచ్చు. పేషెంట్ వయసు పెద్దదైతే రిథమ్ మానిటరింగ్ అయ్యేదాకా పీఎఫ్ఓను కారణంగా సమ్మరీలో రాయకండి, ‘పీఎఫ్ఓ ఉంది, కారణం ఇంకా తేలలేదు’ అని రాయండి.