సొంత ఊరికి రావడానికి వీసా ఎందుకు?

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అవ్వ ఉంది. అవ్వకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. కూతురు కువైట్‌లో ఆరేండ్లు ఇంటిపని చేసింది. 2019లో తిరిగి వచ్చేసింది. ఆమె బిడ్డ తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతోంది.

మూడేండ్ల కిందట తాత చనిపోయినాడు. కొడుక్కు ఫోను చేసినారు. "బయలుదేరాలంటే వీసా రావాలమ్మా" అని కొడుకు ఏడ్చినాడు. ఒకరోజు చూసినారు. ఇంక ఆపలేక తాత తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టినాడు. కొడుకు పెద్దకర్మ నాటికి గాని రాలేదు.

ఆ మాట అవ్వ మనసులో ముల్లులాగా ఉండిపోయింది. సంక్రాంతి సెలవులకు మనవరాలు వచ్చింది. అవ్వ అడిగింది.

"అమ్మీ, మీ అమ్మ కువైట్ నుంచి నేరుగా ఇంటికొచ్చింది. దాన్నెవురూ వీసా అడగలేదు. మీ మామను మాత్రం అడిగినారు. ఇద్దర్నీ కన్నది ఈ ఇంట్లోనే గదా! వాడి సొంత ఊరికి వాడు వచ్చేదానికి వీసా ఏంది?"

మంచి ప్రశ్న. మనవరాలు ఒక్కొక్కటిగా చెప్పింది. మనమూ తెలుసుకుందాం.

పాస్‌పోర్టు వేరు, వీసా వేరు

"ఈ మనిషి మా దేశపు పౌరుడు" అని ఒక దేశం ఇచ్చే పుస్తకం పాస్‌పోర్టు. "మీరు మా దేశంలోకి రావచ్చు" అని ఇంకో దేశం ఇచ్చే అనుమతి వీసా.

కూతురు కువైట్ పోయేటప్పుడు కువైట్ వీసా కావలసి వచ్చింది. కానీ ఆమె చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు. ఎన్నేండ్లు అక్కడ పనిచేసినా ఆమె ఇండియా పౌరురాలే. తన దేశానికి రావడానికి ఎవరికీ వీసా అక్కరలేదు.

కువైట్‌లో ఉండగా పాస్‌పోర్టు పోతే ఏం చేయాలి? భయపడకూడదు. అక్కడి ఇండియా ఎంబసీకి పోవాలి. ఇంటికి తిరిగి వచ్చేదానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనే కాగితం ఇస్తారు. అది ఒక్కసారి ఇండియాకు రావడానికే పనికొస్తుంది.

మరి కొడుకు సంగతి?

కొడుకు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. అక్కడ ప్రమాణం చేసి, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాడు. కొన్ని దేశాలు రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటాయి. మన దేశం ఒప్పుకోదు. మన రాజ్యాంగంలోనూ, 1955 పౌరసత్వ చట్టంలోనూ ఈ మాట ఉంది. తనంతట తాను ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న రోజే ఇండియా పౌరసత్వం పోతుంది.

"అంటే వాడు మనవాడు కాకుండా పోయినాడా?" అని అవ్వ గాబరా పడింది.

"నీ కొడుకు నీ కొడుకే అవ్వా. కానీ చట్టం లెక్కలో విదేశీయుడు" అంది మనవరాలు.

కొడుకు దగ్గర పాత ఇండియా పాస్‌పోర్టు ఉండింది. దాంతో వచ్చేయకూడదా? రాకూడదు. పౌరసత్వం పోయినాక ఆ పాస్‌పోర్టు చెల్లదు. దాన్ని ఇండియా అధికారులకు అప్పగించి, అప్పగించినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. దాచిపెట్టుకొని దానిమీద ప్రయాణం చేస్తే నేరం. కొడుకు ఈ పని "రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం" అని వాయిదా వేసినాడు. అందుకే తండ్రి కడచూపు దక్కలేదు.

విదేశీయులకు వీసాలు ఎన్ని రకాలు?

వచ్చే పనిని బట్టి వీసా ఉంటుంది. బంధువులను చూడడానికి, తిరుమల కొండకు పోవడానికి, ఊర్లు తిరగడానికి టూరిస్టు వీసా. చదువుకోవడానికి స్టూడెంట్ వీసా. వ్యాపారం పనికి బిజినెస్ వీసా. వైద్యానికి మెడికల్ వీసా. చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు పెద్దాసుపత్రికి బంగ్లాదేశ్ నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్ళు తెచ్చుకునేది మెడికల్ వీసా. తోడు వచ్చేవాళ్ళకు వేరే వీసా ఉంటుంది.

నేపాల్, భూటాన్ పౌరులకు మాత్రం ఇండియాకు రావడానికి వీసా అక్కరలేదు.

2014 నవంబరు నుంచి కొన్ని దేశాల వారికి ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో వీసా అడిగే వీలు వచ్చింది. దాన్ని ఈ-వీసా అంటారు. తర్వాత చాలా దేశాలకు ఇచ్చినారు. దీనికి కూడా కనీసం నాలుగు రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలి. చావు వార్త నాలుగు రోజుల ముందు చెప్పి రాదు గదా!

వీసా మీద మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఎంత కాలం చెల్లుతుంది? రెండు, ఎన్నిసార్లు రావచ్చు? మూడు, వచ్చినప్పుడు ఎన్ని రోజులు ఉండవచ్చు? గడువు దాటి ఉంటే జరిమానా పడుతుంది. కేసు కూడా పెట్టవచ్చు.

ఇంటివాళ్ళకు కూడా ఒక బాధ్యత ఉంది. తిరుపతిలో కొందరు గదులు అద్దెకు ఇస్తారు. విదేశీయులు వచ్చి దిగితే ఆ సంగతి 24 గంటల్లో అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. పెద్ద హోటలుకే కాదు, చిన్న గదికి కూడా ఇదే పద్ధతి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టంలో కూడా ఈ బాధ్యత ఉంది.

ఓసీఐ కార్డు

"ప్రతిసారీ ఇట్లా వీసా కోసం కాచుకోవాల్సిందేనా?" అని అవ్వ అడిగింది.

అక్కరలేదు. ఒకప్పుడు ఇండియా పౌరులుగా ఉన్నవారికి, వారి పిల్లలకు, మనవళ్ళకు, మునిమనవళ్ళకు ఓసీఐ కార్డు ఇస్తారు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాస భారతీయుల సభలో ఈ కార్డులు మొదలుపెట్టినారు. విదేశీ కోడలికి, అల్లుడికి కూడా ఇస్తారు. పెళ్ళి రిజిస్టరు అయ్యి, రెండేండ్లు నిండి ఉండాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నవారికి ఇవ్వరు.

ఈ కార్డు ఉంటే జీవితాంతం ఎన్నిసార్లయినా రావచ్చు. ఎన్ని రోజులయినా ఉండవచ్చు. వేరే వీసా వద్దు. కార్డుతోపాటు విదేశీ పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి.

కానీ ఓసీఐ అంటే పౌరసత్వం కాదు. ఈ కార్డు ఉన్నవారు ఇక్కడ ఓటు వేయకూడదు. ఎన్నికల్లో నిలబడకూడదు. సాధారణంగా సర్కారు ఉద్యోగం రాదు. ఇల్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనకూడదు. దానంగా తీసుకోవడం కూడా కుదరదు. ఇక్కడ ఉండే తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు.

ఈ చివరి మాట విని అవ్వ లేచి కూర్చుంది.

అవ్వ చదివిన కాగితం

అవ్వ మామిడికాయలు అమ్మింది. పాలు పోసింది. సంఘంలో పొదుపు చేసింది. ఆ డబ్బుతో పక్కనున్న ఎకరా మామిడితోట బేరం చేసింది. మగబిడ్డ పేరు మీద ఉండాలని కొడుకు పేరు చెప్పింది. దస్తావేజు రాసే మనిషి కాగితం సిద్ధం చేసి పంపినాడు. మరుసటి వారం రిజిస్ట్రేషను.

అవ్వ పెట్టెలోంచి ఆ కాగితం తీసింది. అద్దాలు పెట్టుకుంది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. "కొనుగోలుదారు" అని ఉన్నచోట వేలు పెట్టింది. అక్కడ కొడుకు పేరు ఉంది.

మరునాడు మనవరాలిని వెంటబెట్టుకొని ఆ మనిషి దగ్గరికి పోయింది.

"ఎవురు చూస్తారులేమ్మా! రాసేద్దాం" అన్నాడు ఆయన.

"చూసినోళ్ళు చూస్తారు. అట్లా కొంటే మూడింతల దాకా జరిమానా వేయొచ్చంట. నా కష్టార్జితం పోతే నువ్విస్తావా నాయనా?" అంది అవ్వ.

"మరి ఎవరి పేరు రాయమంటావు?"

అవ్వ కాసేపు ఆలోచించింది. కొడుకు పేరు వద్దు. కూతురి పేరు రాస్తే కొడుకు నొచ్చుకుంటాడు. డబ్బు ఎవరిది? తనది.

"నా పేరే రాయి" అంది.

ఆ రాత్రి కొడుక్కు ఫోను చేసి సంగతి చెప్పింది. "మంచి పని చేసినావమ్మా" అన్నాడు కొడుకు. అవ్వ వీలునామా రాయకపోతే, ఆమె తర్వాత ఆ తోటలో కొడుక్కూ కూతురికీ సమానంగా హక్కు వస్తుంది. కొడుకు విదేశీయుడైనా ఆ హక్కు పోదు.

"అది సరే, కార్డు సంగతేంది?" అని అవ్వ అడిగింది.

"దరఖాస్తు పెట్టినానమ్మా. పాత పాస్‌పోర్టు కూడా అప్పగించేసినా."

"నా వంతు వచ్చినప్పుడయినా టయానికి రా నాయనా" అంది అవ్వ. ఫోనులో కొడుకు చాలాసేపు మాట్లాడలేదు.

రిజిస్ట్రేషను రోజు అవ్వ బంగారుపాళ్యం పోయింది. చట్టం ప్రకారం వేలిముద్రలు తీసుకున్నారు. సంతకం చోటికి వచ్చేసరికి గుమాస్తా ఇంకుప్యాడ్ జరిపినాడు. అవ్వ దాన్ని పక్కకు నెట్టి, పెన్ను అడిగింది.

గుర్తుంచుకోండి

1. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు ఇండియాకు రావడానికి వీసా అక్కరలేదు.
2. ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే ఇండియా పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టు అప్పగించాలి.
3. ఓసీఐ కార్డు ముందుగానే తీసుకోవాలి. ఆపద వచ్చినాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది.
4. ఏ కాగితమైనా చదివి, పేర్లు చూసి, తర్వాతే సంతకం పెట్టాలి.

మాట్లాడుకోండి

మీ ఊరి నుంచి ఏయే దేశాలకు పోయినారు? వారి చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టు ఉంది? మీ ఇంటి భూమి కాగితాల్లో ఎవరి పేరు ఉంది? ఈ రోజు ఇంటికి పోయి చదివి చూడండి.