బెత్తము విడిచిన చేతికి నేర్పవలసిన పని

తరగతిలో క్రమము లేనిదే చదువు సాగదు. ఈ మాటను కాదనువారు లేరు. అయితే ఆ క్రమము భయమువలన కలుగునా, అభ్యాసమువలన కలుగునా అనునదియే ప్రశ్న. మన పెద్దల కాలపు వీథిబడులలో కోదండము, గోడకుర్చీ, గుంజిళ్లు మొదలగు శిక్షలుండెను. పిమ్మట వచ్చిన పాఠశాలలలో బెత్తము నిలిచెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చి, ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకుగల పిల్లలను కొట్టుటయు, మనసు నొప్పించి వేధించుటయు కూడదని తన 17వ విభాగమున శాసించినది. చేతినుండి బెత్తమును తీసివేయుట సులభము. ఆ చేతికి మఱియొక నేర్పు నిచ్చుట కష్టము. ఆ నేర్పును ఉపాధ్యాయులకు ఆన్‌లైను పాఠములద్వారా అందించు ప్రయత్నమును గూర్చి యిచ్చట కొంత విచారింతము.

మొదట మా తప్పు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. శిక్షణ ముగించి ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో మా ఏడవ తరగతియందు ఒక బాలుడు పాఠము జరుగుచుండగా మాటిమాటికి ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచి గుసగుసలాడుచుండెడివాడు. రెండుమాఱులు మందలించితిమి, మూడవమాఱు కొట్టితిమి. కాలువగట్టు పల్లెనుండి వాని తండ్రిని పిలిపింపగా, ఆయన చేతులు జోడించి, “కన్నులు మాత్రము విడిచి కొట్టండయ్యా” అనెను. కొన్ని వారముల పిమ్మట తెలిసిన దేమనగా, ఆ బాలునికి నల్లబల్లమీది అక్షరములు కనబడుట లేదు. కనబడనిదానిని ప్రక్కవానివలన తెలిసికొనుచుండెను. వానికి కావలసినది కండ్లజోడు, మే మిచ్చినది దెబ్బ. వానిని ముందు బల్లకు మార్చిననాటినుండి గుసగుసలు నిలిచిపోయినవి.

అల్లరికి ముందేమి జరిగినది, అల్లరివలన పిల్లవానికి ఏమి లభించుచున్నది అను రెండు ప్రశ్నలను ఆనాడు మేము వేసికొనలేదు. అవి మేము శిక్షణ పుస్తకములలో చదివినవే, పరీక్షలో వ్రాసినవే. కాని నలువదిమంది పిల్లల యెదుట నిలిచినపుడు పుస్తకపు మాట చేతికి రాదు. చేసిచూపువా రుండవలెను, చూచి చేయుటకు అవకాశ ముండవలెను.

అమెరికా దేశమునకు చెందిన జేకబ్ కూనిన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తరగతులను వీడియో తీయించి పరిశీలించి, 1970లో ఒక గ్రంథమును ప్రకటించెను. అల్లరి జరిగిన పిమ్మట ఎట్లు గద్దించుదురను విషయమున సమర్థులైన ఉపాధ్యాయులకును తక్కినవారికిని ఆయనకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. భేదమంతయు అల్లరికి ముందే యున్నది. సమర్థుడైన ఉపాధ్యాయుడు వీపున కూడ కన్నులున్నవానివలె గది యంతటిని ఎఱిగియుండును. ఒక పనినుండి మఱియొక పనికి తడబాటు లేక నడపును. ఒకనికి చెప్పుచున్నను తక్కినవారిని మఱువడు.

ఈ సంగతి కృష్ణా డెల్టా వారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. విజయవాడ యొద్ద మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. వరద వచ్చిన పిదప గట్టుపై నిలిచి నీటిని కొట్టి ఫలమేమి? తలుపులను ఎప్పు డెంత యెత్తవలెనో ముందుగ తెలిసినవానిచేతనే కాలువలు క్రమముగ పాఱును.

ఇట్టి నేర్పును మాటలతో చెప్పుటకంటె కంటికి చూపుట మేలు. ఆన్‌లైను శిక్షణకుగల ముఖ్యబలము ఇదియే. భారత ప్రభుత్వము 2017లో దీక్షా అను వేదికను, 2019 ఆగస్టులో నిష్ఠా అను ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమమును ప్రారంభించెను. మొదట శిక్షణ ముఖాముఖిగనే జరిగెను. 2020లో కరోనావలన పాఠశాలలు మూతపడగా, దానిని ఆన్‌లైనునకు మార్చిరి. అట్టి మొదటి ఆన్‌లైను శిక్షణ 2020 జూలై 16వ తేదీన మన ఆంధ్రప్రదేశములోని 1,200 మంది ముఖ్య శిక్షకుల కొఱకే ఆరంభమయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరునుండి దీక్షాయందు ఉంచబడిన 18 పాఠ్యభాగములలో, పిల్లల వ్యక్తిగత సామాజిక గుణములను పెంపొందించుటను, పాఠశాలను భద్రమైన ఆరోగ్యకరమైన తావుగ చేయుటను గూర్చిన భాగ మొకటి. దివిసీమలోని ఒంటరి ఉపాధ్యాయుడును తన చేతిఫోనులో దానిని చూడగలడు. అర్థముకానిచోట నిలిపి మరల చూడగలడు. ఇది మా కాలపు శిక్షణార్థులకు లేని భాగ్యము.

అయినను తెర మాత్రమే ఉపాధ్యాయుని తయారుచేయజాలదు. మేమును ఒకనాడు ఒక వీడియోను ఆడనిచ్చి, ప్రక్కన జవాబు పత్రములు దిద్దుకొనుచు కూర్చుంటిమి. పాఠము ముగిసెను, ధ్రువపత్రము వచ్చెను, నేర్చినది మాత్రము శూన్యము. తరగతిలో ఒక పిల్లవాడు ఇట్లు చేసియుండిన మేము ఊరకుందుమా? ఈ సిగ్గు కలిగిన పిదప మా సహోపాధ్యాయులము కొందఱము ఒక యేర్పాటు చేసికొంటిమి. శనివారము సాయంకాలము కలిసి ఒక చిన్న వీడియో చూతుము. అందుండి ఒక్క సంగతిని మాత్రమే యెంచుకొని మఱునాటి వారమంతయు అభ్యసింతుము. ఒక పీరియడున సహోపాధ్యాయుడు వెనుక బల్లపై కూర్చుండి చూచి, కనబడినదానిని దాపఱికము లేక చెప్పును.

ఒక వారము మే మెంచుకొన్నది ప్రశ్న వేసి ఆగుట. మేరీ బడ్ రో అను విద్యావేత్త పరిశోధనలో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సుమారు ఒక్క సెకండు మాత్రమే ఆగుచున్నారనియు, మూడు సెకండ్లు ఆగినచో పిల్లల సమాధానములు పెరిగి మెఱుగుపడుననియు తేలినది. మూడు సెకండ్లు స్వల్పమే. కాని నిలిచి చూడుడు, ఎంత దీర్ఘముగ తోచునో! మొదటి దినమున మేము ఆగలేకపోయితిమి. వెనుక బల్లనుండి మా మిత్రుడు వ్రేళ్లు లెక్కించి చూపెను. నాల్గవ దినమున, ఎన్నడును నోరు విప్పని బాలిక యొకతె సమాధానము చెప్పెను. దానిని తెర నేర్పినదందుమా, మిత్రుడు నేర్పినాడందుమా? రెండును కలిసి నేర్పినవి.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. “భయము పెట్టండి” అని మీరు మాకు చెప్పుట ప్రేమవలననే యని యెఱుగుదుము. కొందఱు సామెతల గ్రంథములోని బెత్తమును జ్ఞాపకము చేయుదురు. కాని దావీదు కీర్తనలోని కాపరి చేతికఱ్ఱ గొఱ్ఱెకు ఆదరణ నిచ్చునదే గాని భయము పుట్టించునది కాదు. మీ పిల్లవాడు ఇంటివద్ద ఎప్పుడు నిద్రించుచున్నాడు, ఏమి తినుచున్నాడు, దేనికి దిగులుపడుచున్నాడు అను సంగతులను మాకు తెలుపుడు. వేయి దెబ్బలకంటె అవి మాకు ఎక్కువ ఉపయోగపడును.

విద్యార్థులారా, మీ ఉపాధ్యాయులును నేర్చుకొనుచున్నారని తెలిసి నవ్వకుడు. కనబడనపుడు కనబడలేదని, తెలియనపుడు తెలియలేదని చేయెత్తి చెప్పుడు. ఏడవ తరగతిలోని ఆ బాలుడు అట్లు చెప్పుటకు మాకు భయపడెను. ఆ భయమును కలిగించినవారము మేమే. అట్టి భయము మా పాఠశాలలో మఱి యే బాలునికిని కలుగకుండుటకే మే మిప్పటికిని నేర్చుకొనుచున్నాము.