చిన్న ఇంటికి మారేటప్పుడు

పిల్లలు తలో ఊళ్లో స్థిరపడ్డారు. మోకాళ్లు మేడమెట్లు ఎక్కనివ్వడం లేదు. రెండు గదుల ఫ్లాటు చాలనుకున్నారు. అంతవరకు బాగానే ఉంటుంది. అటక మీది సామాను కిందికి దించిన రోజునే అసలు బాధ మొదలవుతుంది.

వినయపిటకంలో ఒక సంగతి ఉంది. ఆళవిలో భిక్షువులు హద్దు లేకుండా కుటీరాలు కట్టుకుంటూ, మనిషినివ్వండి, ఎద్దునివ్వండి, బండినివ్వండి, గొడ్డలినివ్వండి అని జనాన్ని అడుగుతూ పోయారు. జనం ఎంత బెదిరిపోయారంటే, ఆవు కనబడినా భిక్షువే అనుకుని తప్పుకునేవారట! అప్పుడు బుద్ధుడు అలా అడిగి కట్టుకునే కుటీరానికి కొలత పెట్టాడు. సుగతుని జాన లెక్కన పొడవు 12 జానలు, వెడల్పు 7.

మన అటకా ఎవరి నెత్తినో బరువే. ఇవాళ మనం తేల్చని ఇత్తడి బిందెలు రేపు సెలవు పెట్టి వచ్చిన కూతురు తేల్చాలి. అందుకే ఒంట్లో ఓపిక ఉండగానే ఇచ్చేయండి. ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకున్నప్పుడు 'ఇది నాది' అని మనసు బిగుసుకోవడం గమనించండి. ధమ్మంలో దాన్నే ఉపాదానం అంటారు. తొందరేం లేదు, ఆ బిగువు సడలేదాకా ఆ వస్తువు పక్కన పెట్టండి. అన్నట్టు, చిరిగిన దుప్పటి ఇచ్చి దానం అనుకోవద్దు, అది పారేయడమే.

ఇంకొక్క మాట. మీ ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టెను మీరు త్యాగం చెయ్యకండి. (చదివేది ఆడవాళ్లయితే ఆయన పుస్తకాల బీరువా సంగతీ అంతే.) అది ఆమె తేల్చుకోవాలి. ఆమె మూత తెరిచిన రోజు పక్కన కూర్చోండి.