కంప్యూటరు తెరపై నమరిక

లినక్సు కంప్యూటరు తెరపై ఐకానులును విడ్జెట్లును ప్రక్కప్రక్కన నుండుటచే రెండును ఒక్కజాతివే యని విద్యార్థులు తలంతురు. అట్లు గాదని మేము మొదటనే చెప్పుచున్నాము. కేడీఈ ప్లాస్మాయందు ఐకాను సామాన్యముగా 'డెస్క్‌టాప్' అను ఫోల్డరులోని ఫైలే. ఖాళీచోట మౌసు కుడిమీట నొక్కి ఐకానులను పేరు వరుసనో తేదీ వరుసనో నిలుపవచ్చును, హాని లేదు. తెర శుభ్రపఱచుటకై తొలగించితిమా, ఏడాది వ్రాసిన పాఠమే చెత్తబుట్ట పాలగును! అది లంకె మాత్రమే యైనచో మూలము నిలుచును. గడియారపు విడ్జెట్టును తీసివేసిన నేమియు బోదు. చీటీ విడ్జెట్టుతో మాత్రము అందలి వ్రాతయు బోవును. గ్నోమ్ అను మఱియొక లినక్సు తెరను నిర్మించువారు 2018లో 3.28వ కూర్పున తెరపై ఐకానులు చూపుటయే మానిరి. అయినను ఫైళ్లన్నియు ఆ ఫోల్డరులోనే పదిలముగ నుండెను.