పదమూడవ మెట్టు



త్రాగుడు మానగోరువారికి తోడుగా నిలుచు ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మొదలైంది. 1939లో అచ్చయిన వారి పుస్తకంలో పన్నెండు మెట్లున్నవి. పదమూడవది లేదు. అయినను ఆ సంఘాలవారే ఒక చెడ్డ అలవాటుకు "పదమూడవ మెట్టు" అని ఎగతాళిగా పేరు పెట్టారు. ఏళ్ల తరబడి త్రాగకుండా ఉన్న పాత సభ్యుడు సహాయం నెపంతో కొత్తవారిని శారీరక సంబంధంలోనికి లాగడమే అది. ఈ కూటాలకు అనేకచోట్ల చర్చి గదులే ఇస్తారు గనుక ఇది మనకు సంబంధించిన సంగతే.

మానిన మొదటి నెలల్లో నిద్ర పట్టదు, మనసు నిలకడగా ఉండదు. ఇంటివారి నమ్మకం అప్పటికే పోయి ఉండును. అప్పుడు "నేనున్నాను" అన్న మనిషి పెద్ద దిక్కుగా కనబడును. మనవంటివారికి మరొక చిక్కు కూడ ఉన్నది. చెన్నైలో కూటము తమిళంలో, పూణేలో మరాఠీలో, లేకుంటే ఇంగ్లీషులో నడుచును. అక్కడ తెలుగు మాట్లాడేవారు ఒక్కరు దొరికితే ప్రాణం లేచి వచ్చినట్లుండును. ఆ సంతోషంలో భాషను చూస్తాము గాని మనిషిని చూడము.

పదేళ్లు త్రాగలేదంటే పదేళ్లు త్రాగలేదని మాత్రమే అర్థము. అది గుణమునకు సర్టిఫికెట్ కాదు. ఆ సంఘంలో చేరుటకు త్రాగుడు మానవలెనను కోరిక తప్ప వేరే అర్హత అడగరు. మంచి తలుపే, కాని అందులోనుండి అన్ని రకాలవారూ వస్తారు.

వెంట ఉండి నడిపించు పాత సభ్యుని స్పాన్సర్ అంటారు. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ ఉండుట మేలని వారిలోనే పాత సలహా. నచ్చకపోతే మార్చుకొనవచ్చును, కారణం చెప్పనక్కరలేదు. మొదటి సంవత్సరం కొత్త ప్రేమల జోలికి పోవద్దని కూడ పాతవారు అంటారు. పుస్తకంలో లేకున్నా తెలివైన మాటే. ఒక్కరిమీదనే ఆధారపడక ముగ్గురు నలుగురి ఫోన్ నంబర్లు ఉంచుకొనండి. "ఈ సంగతి ఇంట్లో చెప్పకు" అనువానిని, అప్పు అడుగువానిని, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానివేయమనువానిని దూరంగా ఉంచండి. అక్కడ సభ్యత్వ రుసుము లేదు, ఇష్టముంటే వేసే కానుకే.

పేర్లు బయట పెట్టకూడదను నియమము కోలుకొనువారి మర్యాద కాపాడుటకే, నేరము దాచుటకు కాదు. "బయట చెబితే నియమం తప్పినట్లే" అని బెదిరిస్తే నమ్మవద్దు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో స్త్రీని లైంగికంగా వేధించుట 75వ సెక్షన్ క్రింద, వెంటబడుట 78వ సెక్షన్ క్రింద నేరములు. స్త్రీలు 181కి, అత్యవసరమైతే ఎవరైనను 112కి ఫోన్ చేయవచ్చును. ఆ కూటము మానవలసి వస్తే మానండి, చికిత్సను మాత్రము మానవద్దు. వేరొక కూటము వెదకండి. వ్యసనముల విషయమై సలహాకు 14446 ఉన్నది.

చర్చించుటకు: మన గదిలో కూడుకొను ఇట్టి సంఘమునకు కొత్తగా వచ్చిన సోదరికి ఇబ్బంది కలిగితే ఎవరితో చెప్పుకొనవలెను? ఆ పేరు, ఫోన్ నంబరు ఆ గది గోడమీద ఉన్నవా?