రాత్రిపూట చెరువు నీరు వెచ్చగా ఎందుకు తగులుతుంది?

మన పలాస, టెక్కలి ప్రాంతంలో వేసవిలో చెరువు స్నానం చేసే ప్రతివారికీ తెలిసిన సంగతే ఇది. మధ్యాహ్నం ఎండలో చెరువులో దిగితే ఒళ్లు జిల్లుమంటుంది. అదే చెరువులో రాత్రి దిగితే నీరు గోరువెచ్చగా ఉంటుంది. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు చల్లగా ఉన్న నీటిని చీకటి పడ్డాక వేడి చేసిందెవరు?

ఎవరూ చేయలేదు. సాయంత్రానికి బాగా వేడెక్కిన నీరు రాత్రంతా నెమ్మదిగా చల్లబడుతూనే ఉంటుంది. అయినా మనకు వెచ్చగా తోచడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి నీటి గుణం, రెండోది మన చర్మం గుణం.

ముందు నీటి సంగతి చూద్దాం. బారువ, భావనపాడు తీరాల్లో మిట్టమధ్యాహ్నం ఇసుకలో చెప్పులు లేకుండా నడవలేం. పక్కనే ఉన్న నీరు మాత్రం అంత కాగదు. ఎండ రెండింటి మీదా ఒకటే. కానీ ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, ఒక కిలో పొడి ఇసుకకు కావలసిన దానికంటే సుమారు అయిదింతల వేడి కావాలి. దీన్నే విశిష్టోష్ణం అంటారు. పైగా ఎండ ఇసుకలో పైపొరనే కాలుస్తుంది. నీటిలోనైతే లోపలికి దిగుతుంది, గాలికి నీరు కదిలి ఆ వేడి ఇంకా పంచుకుంటుంది.

ఆలస్యంగా వేడెక్కేది ఆలస్యంగానే చల్లారుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న చోట 1,000 లీటర్ల నీరు ఉంటుంది. అది ఒక్క డిగ్రీ చల్లబడాలంటే 10 లక్షల కేలరీల వేడిని వదలాలి. గట్టు మీది మట్టి, దానిపైనున్న గాలి అలా కాదు, పొద్దుగూకగానే చల్లబడతాయి. ఉదాహరణకు, మధ్యాహ్నం గాలి 36 డిగ్రీలు, నీరు 30 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. రాత్రికి గాలి 25కు పడిపోయినా నీరు 29 దగ్గరే ఉండవచ్చు. పగలు గాలికంటే చల్లనైన నీరు రాత్రి గాలికంటే వెచ్చనిదైంది. నిజానికి నీటిలో తగ్గింది ఒక్క డిగ్రీయే.

ఇక చర్మం సంగతి. చర్మం థర్మామీటరు కాదు. అది డిగ్రీలు లెక్కపెట్టదు, ఇంతకుముందుకూ ఇప్పటికీ ఉన్న తేడాను చెబుతుంది. ఒక చేతిని వేడినీటిలో, మరో చేతిని చల్లనీటిలో కాసేపు ఉంచి, తర్వాత రెండింటినీ ఒకే గోరువెచ్చని నీటిలో ముంచండి. ఒక చేతికి చల్లగా, మరో చేతికి వెచ్చగా తోస్తుంది. ఒకే నీరు రెండు చేతులకు రెండు రకాలుగా తోచడం గురించి ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలోనే ప్రస్తావించాడు. చలికాలంలో ఫజర్ వేళ వజూకు తోడిన బావి నీరు వెచ్చగా తగలడం కూడా ఇలాంటిదే. నేల అడుగు నీటి వేడి రుతువులతో పెద్దగా మారదు, బయటి గాలి చల్లబడుతుంది.

గట్టెక్కగానే వణుకు పుట్టడానికి కారణం బాష్పీభవనం. ఒంటిమీది తడిలో ఒక గ్రాము ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి. అందులో చాలావరకు మన ఒంటి నుంచే పోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది కూడా ఇలాగే. అందుకే రాత్రి ఈదేవారికి బయటకు రావడం కంటే నీటిలో ఉండిపోవడమే హాయిగా తోస్తుంది.

జాగ్రత్త పడవలసింది సరిగ్గా ఇక్కడే. వెచ్చగా తోచే ఆ నీరు కూడా 37 డిగ్రీల మన ఒంటికంటే చల్లనిదే. వేడిని చేరవేసే గుణం గాలికంటే నీటికి సుమారు 24 రెట్లు ఎక్కువ. హాయిగా ఉందని గంటల తరబడి ఉండిపోతే, తెలియకుండానే ఒళ్లు చల్లబడుతుంది, కాళ్లూ చేతులూ అలసిపోతాయి. ఆపైన చీకటిలో లోతు తెలియదు, ఊబి కనిపించదు, మునిగేవాణ్ని గట్టు మీదివారు గుర్తించలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీటమునిగి చనిపోయారు. నీటమునక మరణాల్లో దాదాపు సగం 29 ఏళ్ల లోపువారివే. అందుకే ఐక్యరాజ్యసమితి 2021 నుంచి జూలై 25ను నీటమునక నివారణ దినంగా పాటిస్తోంది.

దాతలు తలచుకుంటే ఈ విషయంలో కొద్ది ఖర్చుతోనే చాలా చేయవచ్చు. పిల్లలు దిగే ప్రతి చెరువు గట్టున ఒక పొడవాటి తాడు, ఒక వెదురు గడ, గాలి నింపిన ఒక ట్యూబు ఉంచాలి. మునుగుతున్నవారి కోసం ఈత సరిగా రానివారు దూకకూడదనీ, తాడో గడో అందించాలనీ పిల్లలకు నేర్పాలి. పెద్దల కళ్లెదుట పగటిపూట ఈత నేర్పించే ఏర్పాటు చేయాలి. బడికి ఒక థర్మామీటరు కొనిస్తే, పెద్దలను వెంటబెట్టుకుని పిల్లలే మధ్యాహ్నమూ సాయంత్రమూ గట్టు దగ్గర గాలినీ నీటినీ కొలిచి చూసుకుంటారు. నీరు వెచ్చగా తగిలినంత మాత్రాన అది క్షేమమైనదని కాదన్న సంగతి ఆ అంకెల్లో వారికే తెలుస్తుంది.